మన్యం ఓటుకు మనం బాకీ

1957 సార్వత్రిక ఎన్నికల్లో పార్వతీపురంలో ఏం జరిగిందో ఉత్తరాంధ్రలో బడికి వెళ్లే ప్రతి పిల్లకూ తెలిసి ఉండాలి. పిల్లల మాట అటుంచి, పెద్దల్లోనూ తెలిసినవాళ్లు అరుదు.

అప్పట్లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గం. రెండు సీట్లలో ఒకటి గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. ప్రతి ఓటరుకూ రెండేసి ఓట్లు, అయితే రెండూ ఒకరికే వేయకూడదు. పోటీలో వి.వి. గిరి ఉన్నారు. పక్కనే ఉన్న బొబ్బిలిలో, మద్రాసు ప్రెసిడెన్సీని ఏలుతున్న బొబ్బిలి రాజాను 1937లో ఓడించిన ధీరుడాయన. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పు విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో పదవి వదులుకున్నారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయ్యారు. అంతటి మనిషి నిలబడ్డ చోట ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజనులే వచ్చారు. ఒకరు బిడ్డిక సత్యనారాయణ, ఇంకొకరు డిప్పల సూరిదొర. గిరిది మూడో స్థానం. సూరిదొరకూ ఆయనకూ తేడా వెయ్యి ఓట్లు కూడా లేదు.

గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వుడు సీటు ఇచ్చి, మిగిలినవారందరిలో ముందున్నవారికి జనరల్ సీటు ఇవ్వాలి. అదీ లెక్క. ఆ లెక్కన జనరల్ సీటు సూరిదొరకు వచ్చింది. గిరిజనుల సీటుకని నిలబడ్డ మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారని గిరి సవాలు చేశారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రిజర్వుడు సీటుకు అర్హుడైనంత మాత్రాన జనరల్ సీటు మీద గిరిజనుడి హక్కు పోదని 1959లో ఆ కోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. ద్విసభ్య నియోజకవర్గాల పద్ధతినే 1961లో చట్టం చేసి తీసేశారు.

గిరి చట్టం చూపిన దారిలోనే నడిచారు. ఆయనను దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. నన్ను కలవరపెట్టేది ఆ వాదన వెనకున్న భావం. మీ సీటు మీకుంది కదా, మా దాని జోలికి ఎందుకు వస్తారు? ఈ ప్రశ్న 1957తో పోలేదు. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం టీ కొట్ల దగ్గర ఈనాటికీ వినిపిస్తుంది. రిజర్వేషన్‌ను మనం దయతో ఇచ్చిన వాటాగా అనుకున్నాం. ఆ వాటా ఇచ్చేశాక కొండల మంచిచెడ్డలు మనకు సంబంధం లేనివైపోయాయి.

ఆ నిర్లక్ష్యం ఎక్కడికి దారితీసిందో పదేళ్లకే తెలిసింది. 1967 ఫిబ్రవరిలో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. అదే ఏడాది అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకు నడిచి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు కోర్టులో నిలవలేదు, నిందితులు బయటికొచ్చారు. ఆ తర్వాత శ్రీకాకుళం కొండలు ఎలా రగిలాయో లోకానికి తెలుసు. ఆ ఉద్యమాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం బడిపంతుళ్లు. 1970 జులైలో ఇద్దరూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా గట్టి కట్టుబాటు పెట్టిన ‘వన్ ఆఫ్ సెవెంటీ’ చట్టం కూడా 1970లోనే వచ్చింది. తుపాకీని నేను సమర్థించను. కానీ కొండ జనం అప్పటికి నాలుగు సార్వత్రిక ఎన్నికల్లో ఓటేసి ఉన్నారన్న సంగతి మనం మరవకూడదు. ఆ నాలుగుసార్లు వాళ్ల మాట వినపడి ఉంటే లేవిడి దగ్గర ఆ రోజు అలా ముగిసేదా?

ఆ పార్వతీపురం లోక్‌సభ స్థానం ఇప్పుడు లేదు. పునర్విభజన తర్వాత 2009 నుంచి దాని స్థానంలో అరకు వచ్చింది. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం, ఈ ఏడు అసెంబ్లీ స్థానాలూ కలిపి ఒక్క ఎంపీ. ఏడింట్లో ఒక్కటి కూడా జనరల్ కాదు. పార్వతీపురం ఎస్సీలకు, మిగతా ఆరు ఎస్టీలకు. ఈ నియోజకవర్గం ఒడిశా సరిహద్దు వెంట పాలకొండ దగ్గర మొదలై, రాష్ట్ర విభజనతో వచ్చి చేరిన చింతూరు, కూనవరం దాకా సాగుతుంది. ఈ చివర పొద్దున్నే బయలుదేరితే ఆ చివరికి చేరేసరికి రాత్రవుతుంది. తూర్పు కనుమల మన్యాన్నంతా ఒక్క సీటుగా కట్టేసి, మైదానం మీద ఆ భారం పడకుండా చూసుకున్నాం.

‘పాపం, వాళ్లకేం తెలుసు, ఎవరు చెబితే వాళ్లకు వేస్తారు’ అనే మాట ఇంకొకటి ఉంది. వాళ్ల ఓటు చరిత్ర చూస్తే ఆ మాట అన్నవాళ్లకే సిగ్గనిపిస్తుంది. కురుపాం జమీందారీ కుటుంబం నుంచి వచ్చిన కిశోర్ చంద్రదేవ్ 1977 నుంచి ఇక్కడ ఎన్నోసార్లు గెలిచారు. అటవీ హక్కుల బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ సంఘానికి అధ్యక్షత వహించారు, కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రిగా చేశారు. ఆ మేలు కాదనలేనిది. అంతటి పెద్దమనిషిని 2019లో ఒక యువ ఉపాధ్యాయురాలు గొడ్డేటి మాధవి రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. 2014లో కొత్తపల్లి గీత, 2019లో మాధవి, 2024లో గుమ్మా తనూజారాణి, వరసగా మూడుసార్లు మహిళలనే ఢిల్లీకి పంపిన నియోజకవర్గమిది. మైదానంలో ఎన్ని నియోజకవర్గాలు ఆ మాట చెప్పుకోగలవు? 2024లో రాష్ట్రమంతా ఒకవైపు గాలి వీస్తే అరకు లోక్‌సభ, దాని కింద అరకులోయ, పాడేరు అసెంబ్లీ స్థానాలు ఇంకోవైపు నిలిచాయి. ఆ నిర్ణయం మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. అది మాత్రం సొంతంగా తీసుకున్న నిర్ణయం.

ఇక నోటా సంగతి. 2019లో అరకు లోక్‌సభ స్థానంలో నోటాకు దాదాపు 48 వేల ఓట్లు పడ్డాయి. 2024లో అవి 50 వేలు దాటాయి. గెలిచిన అభ్యర్థికి వచ్చిన ఆధిక్యం కూడా సుమారు అంతే. చదువు రాక, గుర్తులు తెలియక, చివరి బటన్ నొక్కేశారని కొందరు తేల్చేస్తారు. కొంత నిజం ఉండొచ్చు. అది నిజమే అయితే, ఓటు హక్కు వచ్చిన డెబ్బై ఏళ్లకు కూడా మీట ఎలా నొక్కాలో వాళ్ల భాషలో చెప్పలేకపోయిన తప్పు ఎవరిది? అది నిజం కాకపోతే, యాభై వేల మంది గెడ్డలు దాటి, క్యూలో నిలబడి, ‘మీలో ఎవరూ వద్దు’ అని చెప్పి ఇంటికెళ్లారన్నమాట. ఎలా చూసినా జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

సాలూరు అవతల కొటియా గ్రామాలున్నాయి. ఆంధ్ర, ఒడిశా రెండూ మావేనంటాయి. తగువు సుప్రీంకోర్టు మెట్లెక్కి దశాబ్దాలు గడిచాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ, రేషన్ కార్డులూ ఉన్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి. రెండు ప్రభుత్వాలూ ఓటు అడుగుతున్నాయి, హద్దు రాయి మాత్రం ఇద్దరూ కలిసి పాతడం లేదు. జనం రెండు చోట్లా వేస్తే దొంగ ఓటంటారు, ఒకచోట మానేస్తే రెండో ప్రభుత్వం ఇచ్చే బియ్యం పోతాయేమోనన్న భయం. వాళ్లను నిందించే ముందు ఆ స్థితిలో మన తల్లిదండ్రులు ఉన్నారనుకుందాం.

ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవకుండా పోలింగ్ కేంద్రం ఉండాలన్నది ఎన్నికల సంఘం పాటించాలనుకునే నియమం. ఏజెన్సీలో మావోయిస్టుల భయంతో బూత్‌లను కలిపేయడం, దూరం జరపడం మామూలైపోయింది. జనం ఆ నియమానికి ఎన్నో రెట్లు నడిచి ఓటేస్తారు. 2024లో అరకులోయ, పాడేరు, రంపచోడవరంలో సాయంత్రం నాలుగింటికే పోలింగ్ ముగించారు. తెల్లవారకముందే గూడెం వదిలితే గాని అందని సమయమది. సిబ్బంది కూడా యంత్రాలు మోసుకుని కొండలెక్కుతారు, వాళ్ల శ్రమకు నమస్కారం. ఆ దారినే అయిదేళ్లలో మిగతా రోజుల్లో ఏం వస్తోంది? నొప్పులు పడుతున్న గర్భిణి డోలీలో, నలుగురి భుజాల మీద కిందికి వస్తోంది. దారిలోనే బిడ్డను కన్న వార్త, దారిలోనే తల్లి పోయిన వార్త పేపర్లో చదివి పక్కన పెట్టేస్తున్నాం. ఒక్కరోజు ఓటు కోసం ఆ గూడేన్ని వెతుక్కుంటూ వెళ్లగలిగిన రాజ్యం ఒక నర్సును ఎందుకు పంపలేదు? పంపలేక కాదు. పంపకపోతే అడిగే మైదానం లేక.

అడగాల్సింది మనం. శ్రీకాకుళంలోనో, గజపతినగరంలోనో, అనకాపల్లిలోనో అభ్యర్థి మన గుమ్మం తొక్కినప్పుడు మన వీధి సిమెంటు రోడ్డు గురించి అడుగుతాం. మన్యం రోడ్డు గురించి ఆయనను ఒక్కరమూ అడగం, ‘అది అరకు ఎంపీ పని’ అనుకుంటాం. అరకు ఎంపీది లోక్‌సభలో ఒక్క గొంతు. రాష్ట్ర శాసనసభలో 175 మంది ఉంటే ఎస్టీ స్థానాలు ఏడు. ఆ కొద్దిమంది చేతులెత్తితే బడ్జెట్ మారదు. మిగిలినవాళ్ల చేతులు ఎత్తించగలిగేది మన ఓటే.

ఉద్యోగులకూ ఒక మాట. ఏజెన్సీకి బదిలీ అయితే శిక్షగా భావించి, పలుకుబడి వాడి ఆర్డరు మార్పించుకునే డాక్టరు, మాస్టారు, ఇంజినీరు మన ఇళ్లలోని వాళ్లే. సంతలో చింతపండు, పసుపు, జీడిపిక్కలు తూకం తగ్గించి కొనే వ్యాపారి మన ఊరివాడే. ఆ పని చేసినవాడికి పెళ్లి పందిట్లో ముందు వరసలో కుర్చీ వేస్తున్నది మన చేతులే. ఎన్నికల ముందు రోజు కొండకు సారా, డబ్బు చేరవేసే జీపులు ఎక్కడి నుంచి బయలుదేరుతాయో మనకు తెలుసు. తెలిసి నోరు మూసుకోవడం ఇక మానాలి.

జనాభా లెక్కల తర్వాత నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీస్తారు. ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ సభలు పెట్టి వింటారు. గతంలో అలాంటి సభల్లో మైదానం వాళ్లం మా మండలం ఇటు కలపండి, మా ఊరు అటు ఉంచండి అని మన కోసమే మాట్లాడాం. ఈసారి కొండ నుంచి వచ్చేవాళ్లకు బస్సు మనం మాట్లాడదాం, అర్జీ రాసుకోవడానికి మన కుర్రాళ్లు తోడు కూర్చోవాలి. కొటియా ఊళ్ల హద్దు తేల్చమనీ, ప్రజలు ఒక్క రోజులో వెళ్లి కలవగలిగే ఎంపీ మన్యానికి కావాలనీ వాళ్లు అడుగుతున్నప్పుడు, ఆ అర్జీ మీద వాళ్ల వేలిముద్రల పక్కన మన సంతకాలు కూడా ఉండాలి.