ఫోటోలో పొట్టేలు, దొడ్లో పొట్టేలు

మా ఉదయగిరి పక్క సంతకు పోయి పళ్ళు చూడకుండా పొట్టేలును కొనే మనిషి ఉండడు. నోరు తెరిపించి, నడుం మీద చెయ్యేసి, నాలుగడుగులు నడిపించి గానీ బేరం మొదలుపెట్టరు. అలాంటిది ఇప్పుడు సెల్‌ఫోన్‌లో బొమ్మ చూసి అడ్వాన్సులు పంపేస్తున్నాం. ఎంత విడ్డూరమో చూడండి!

మొన్న ఆత్మకూరు నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, జుడిపి పొట్టేలు ఒకటి బేరానికొచ్చింది. ఫోటో చూడు, ఎంత బాగుండాదో! ఈరోజే అయిదువేలు పంపమంటున్నారు" అంది. ఆ డబ్బు పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు. పోతే మళ్ళీ రాదు.

ఫోటో చూశాను. మల్లెపూవులాంటి తెలుపు, నిండైన పొట్ట, వెనక పచ్చటి తోట. బాగానే ఉంది గానీ, పొట్ట పక్కన తడిక కర్రలు వంకర తిరిగి ఉన్నాయి. పొట్టేలు నీడ ఒకవైపు, గుంజ నీడ ఇంకోవైపు. కాళ్ళమీద ఒక్క మచ్చా లేదు. "దిద్దకముందు తీసిన ఫోటో పంపమను" అన్నాను.

వాళ్ళు పాపం దాచకుండా పంపారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏముంది? తోట లేదు, ఎండిన బీడు. పక్కటెముకలు కనపడుతున్నాయి. కాళ్ళమీద నల్లమచ్చలు, వెనకకాలి మోకాలి దగ్గర వాపు. మచ్చలు తుడిచినప్పుడు వాపు కూడా తుడుచుకుపోయింది!

మర్నాడు ఆడబిడ్డ వెళ్ళి చూస్తే పొట్టేలు కుంటుతోంది. ఆ ఇల్లాలు తల వంచుకుని, "మచ్చలుంటే కొనరని మా పిల్లోడు ఫోన్లో తుడిచేశాడమ్మా" అందట. నెల్లూరు గొర్రెల్లో పల్ల తెల్లది, దొర గోధుమరంగుది. జుడిపికైతే కళ్ళచుట్టూ, మూతిమీద, కాళ్ళమీద ఆ నల్లమచ్చలే గుర్తు! అందం చేయబోయి దాని గుర్తింపే తుడిచేశారు.

ఇది పల్లెల్లోనే జరుగుతుందనుకోకండి. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ అంతటి పత్రిక, ఒంటెల వెనకున్న ఈజిప్టు పిరమిడ్లను అట్టమీద పట్టడం కోసం దగ్గరికి జరిపి అచ్చేసి మాట పడింది. 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల విషయంలో గొడవ జరిగినప్పుడు, బుల్డోజర్ల ముందు పరుగెత్తే జింకలు, నెమళ్ళ బొమ్మలు ఫోన్లలో తిరిగాయి. వాటిలో కంప్యూటర్‌తో చేసినవీ ఉన్నాయి. అక్కడ జింకలు, నెమళ్ళు ఉన్నమాట నిజమే. కానీ దొంగబొమ్మ ఒకటి కలిసేసరికి, నిజం చెప్పేవాళ్ళ మాటను కూడా అనుమానించే పరిస్థితి వచ్చింది. పాలలో ఒక్క చుక్క నిమ్మరసం పడ్డట్టు.

వెలుగు తక్కువైతే కాస్త పెంచుకోవడం తప్పు కాదు. పాతరోజుల్లో స్టూడియోవాళ్ళు కూడా పెన్సిల్‌తో నెగెటివ్ దిద్దేవాళ్ళు కదా! కానీ కొనేవాళ్ళకు తెలియాల్సింది చెరిపేస్తే అది మోసమే.

అందుకే మీరు ఆవునో, గేదెనో, మేకనో ఫోటోలో చూస్తే ఈ నాలుగూ గమనించండి. నీడలన్నీ ఒకవైపే ఉన్నాయా? వెనక గోడ, తడిక తిన్నగా ఉన్నాయా? చెవుల వెంట్రుకల అంచు కత్తెరతో కత్తిరించినట్టుందా? గిట్టలు నేలమీద ఆనుతున్నాయా, తేలుతున్నాయా? అసలు ఫోటో అడగడానికి మొహమాటపడకండి. వీడియోకాల్‌లో నడిపించి చూపమనండి. ఆ తర్వాత కూడా, మీరో మీవారో వెళ్ళి చేత్తో తడిమి చూశాకే డబ్బు తియ్యండి.

మా ఆడబిడ్డ వేరే పొట్టేలును కొనుక్కుంది. మొన్న దాని ఫోటో పంపింది. చెవికి పేడ అంటుకుని ఉంది, వెలుగూ అంతంతమాత్రమే. నాకైతే ఆ ఫోటోనే బాగుంది!