ఆటల గంటను గూర్చి యొక మాట

పరీక్షలు సమీపించినప్పుడు ఆటల గంటను గణితమునకు మార్చుట అనేక పాఠశాలలలో వాడుకయైనది. గణితము బోధించు నేనును ఆ గంటను పలుమారులు పుచ్చుకొన్నవాడనే. హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీముగారి చరిత్రము చదివినది మొదలు ఆ పని నా మనస్సున ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది.

1909వ సంవత్సరమున జన్మించిన రహీముగారు మనవంటి బడిపంతులే. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఫుట్‌బాల్ ఆడిరి. పిమ్మట హైదరాబాదు పాఠశాలలలో ఉపాధ్యాయులైరి. 1950లో నగర పోలీసు జట్టునకు శిక్షకులై, ఆ యేడు మొదలు వరుసగా అయిదు సంవత్సరములు రోవర్స్ కప్పును గెలిపించిరి. 1951లో ఢిల్లీయందు ఆసియా క్రీడల స్వర్ణపతకమును, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలయందు నాలుగవ స్థానమును భారతజట్టు వీరి శిక్షణమున పొందెను.

నన్ను ఆకర్షించినది పతకములకంటె వీరి బోధనా పద్ధతి. బంతిని కాలికడనే యుంచుకొని ఒంటరిగా పరుగెత్తుట కూడదను పందెములను, చేతకాని కాలితోనే తన్నవలెనను పందెములను వీరు హైదరాబాదులో పెట్టించిరి. వెనుకబడిన పిల్లవానిని మనము వెనుక బల్లకు పంపుదుము. వీరు వెనుకబడిన కాలికే పని చెప్పిరి!

1962లో జకార్తాయందు మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియాచేత 2–0 గోలులతో ఓడిరి. రహీముగారు అధైర్యపడలేదు. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగును ముందువరుసలో నిలిపిరి. అంత్యపందెమున అదే కొరియాపై ఆతడొక గోలు చేయగా, మనవారు 2–1తో గెలిచి స్వర్ణపతకము నందిరి. మరుసటి యేడు జూన్ మాసమున రహీముగారు క్యాన్సరు వ్యాధిచే మరణించిరి. అప్పటికి వారి వయస్సు 53 ఏండ్లు.

“కలకడ బాలుడు ఒలింపిక్ క్రీడలకు పోవునా?” యని మిత్రులు పరిహసింతురు. పోకపోవచ్చును. కాని తనకంటె మేలైన చోట నిలిచినవానికి బంతి నందించుట నా గణిత పుస్తకమున లేదు. పౌలు అపొస్తలుడు సయితము కొరింథీయులకు వ్రాయుచు పరుగుపందెమును దృష్టాంతముగా గైకొనెను గదా.

కావున ఇకమీదట ఆటల గంటను నేను ముట్టను. సహోపాధ్యాయులను గూడ అట్లే వేడుచున్నాను. వచ్చు వార్షికోత్సవమున చేతకాని కాలితో ఆడు పందెమొకటి పెట్టవలెను. ఉపాధ్యాయుల జట్టులో నేనును నిలిచెదను. విద్యార్థులు నవ్వినను సరే.