‘సీడెడ్’ అను మాట

చలనచిత్ర వ్యాపారులు తమ లెక్కలలో రాయలసీమను నేటికిని ‘సీడెడ్’ అనియే వ్రాయుచున్నారు. పత్రికలును ఆ మాటనే అచ్చు వేయుచున్నవి. దాని యర్థమును పాఠకులకు విన్నవింప దలచితిమి.

ఆంగ్లమున ‘సీడ్’ అనగా తనది విడిచి పరుల కప్పగించుట. దీనికి మూలమైన లాటిను ధాతువునకు వెళ్లుట, వెనుదీయుట యని యర్థములు. ఆ ధాతువునకే వేఱు అను నర్థమిచ్చు ఉపసర్గ చేరగా ‘సిసీడ్’ అను మాట పుట్టినది. తమంతట తాము వేఱుపడుట యని దాని భావము. రెండవ మాటలో జనుల యిచ్ఛ యున్నది. మొదటి మాటలో అది లేదు.

1800 అక్టోబరు 12వ తేదీ సంధివలన నైజాము ప్రభువు, తన కొలువున నుంచిన కంపెనీ సైన్యపు వ్యయమునకుగాను, మైసూరు యుద్ధములలో తనకు లభించిన బళ్లారి, కడప ప్రాంతములను కంపెనీకి వదలెను. ఇచ్చినవా రొకరు, పుచ్చుకొన్నవా రొకరు. దున్నువాని నడిగినవారు లేరు. మనవారు దీనిని ‘దత్తమండలము’ అని తెనిగించిరి. దత్తపుత్రునికి వంశనామమును, ఆస్తియు సంక్రమించును. ఈ దత్తమునకు సంక్రమించినది కొత్త దొరల శిస్తు మాత్రమే. సైన్యపు ఖర్చుకై జరిగిన బేరము ఆ సంస్కృతపదముచే దానమువలె గానవచ్చినది.

దొర్నిపాటి కనతిదూరమున నున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కంపెనీపై తిరుగబడెను. 1847 ఫిబ్రవరి 22న, నాడు కడప మండలములోనిదైన కోవెలకుంట్లలో, ఆయనను ఉరిదీసిరి. ఈయబడినవారు ఇయ్యకొనలేదనుటకు ఇంతకంటె సాక్ష్య మేల?

1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ యను పేరును ప్రతిపాదింపగా సభవా రంగీకరించిరి. 1937 నవంబరు 16న ఈ సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడికపై సంతకములు చేసి, కృష్ణా తుంగభద్రా జలములలో తమకు ప్రథమస్థానము కోరిరి. 1800 నాటి సంధిలో వీరు ఇయ్యబడిన వస్తువు. 1937 నాటి ఒడంబడికలో వీరే కర్తలు.

పేరు మాఱినంత మాత్రమున కాలువకు నీరు వచ్చునా యని కొందఱు ప్రశ్నింతురు. రాదు. కాని తన్ను ఇయ్యబడినదానిగా చెప్పుకొను సీమ, తన వాటాను గూడ ఒకరు ఇచ్చునట్టిదిగనే తలచును, హక్కుగా నడుగదు. నైజాము రాజ్యము 1948లో ముగిసినది. కంపెనీ యంతకుముందే గతించినది. వారి బేరపు మాటను మనము మోయ నేల? వ్యాపారులును, పత్రికలవారును ఇకనైన ‘రాయలసీమ’ యని వ్రాయుదురుగాక.