ఓడితే ఎవరి పాదం?

2011 ఏప్రిల్ 2, ముంబయి వాంఖడే స్టేడియం. ప్రపంచకప్ ఫైనల్లో సెహ్వాగ్ సున్నాకి, సచిన్ 18కి ఔటై వచ్చేశారు. ఆ తర్వాత గంభీర్, ధోనీ ఆడుతున్నంతసేపూ సచిన్ తన పక్కనుంచి సెహ్వాగ్‌ను లేవనివ్వలేదట. అహ్మదాబాద్ క్వార్టర్ ఫైనల్లో అలా కూర్చుంటేనే గెలిచామన్నది ఆయన లెక్క. ఈ సంగతి సచినే చెప్పుకున్నాడు. గంభీర్ 97, ధోనీ 91 నాటౌట్. కప్పు వచ్చింది. సెహ్వాగ్ లేచి మంచినీళ్లకు వెళ్లుంటే శ్రీలంక బౌలర్ కులశేఖర బంతికి ధోనీ కొట్టిన గెలుపు సిక్సర్ ఆగేదా?

ఆ మహా ఆటగాణ్ణి చూసి నవ్వే అర్హత మనకు లేదు. "కదలకురా, వికెట్ పడుద్ది" అని పిల్లాణ్ణి సోఫాలోనే కూర్చోబెట్టే ఇళ్లు ఎన్ని లేవు! వికెట్ పడితే, అప్పుడే బాత్రూముకి వెళ్లొచ్చినవాడే దోషి.

ఈ లెక్క ఎలా పుడుతుందో అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్ 1948లోనే చూపించాడు. ఆకలిగా ఉన్న పావురాలను బోనుల్లో పెట్టి, అవి ఏం చేసినా చేయకపోయినా 15 సెకన్లకోసారి గింజలు అందేలా ఏర్పాటు చేశాడు. కొన్నాళ్లకు ఒక పావురం బోనులో అపసవ్యంగా తిరగసాగింది, మరొకటి పైమూలకి తల పొడవసాగింది. గింజలు పడ్డప్పుడు ఏం చేస్తూ ఉన్నాయో దాన్నే కారణం అనుకున్నట్టు ప్రవర్తించాయి. ఔటైన బ్యాట్స్‌మన్ పరిస్థితీ అంతే. ఒత్తిడి తలమీద ఉంటుంది, చేతికి పని ఉండదు. ఆ ఖాళీలోకే నమ్మకం దూరుతుంది.

మరి టెన్నిస్ ఆటగాడు నడాల్ సీసాల మాటేమిటి? ప్రతి విరామంలోనూ రెండు నీళ్ల సీసాలను కుర్చీ ముందు ఒకే వరుసలో, కోర్టువైపు ఏటవాలుగా ఉండేలా పెట్టేవాడు. ఇది మూఢనమ్మకం కాదని ఆత్మకథలో వాదించాడు. మూఢనమ్మకమే అయితే ఓడినా గెలిచినా అదే పని ఎందుకు చేస్తానన్నది అతని ప్రశ్న. గట్టి ప్రశ్నే. సీసా సర్దుకుంటే అతని మనసు కుదుటపడుతుంది. ఆ మేలు అతనిలోనే జరుగుతుంది, అవతలివాడి సర్వీసును అదేమీ చేయదు. నమ్మకం అలా కాదు. ఫలితం చూసి వెనక్కి నడిచి, కారణాన్ని ఏరుకుంటుంది.

గెలిచినప్పుడు ఏరుకున్న కారణం కుర్చీ అయితే నష్టం లేదు. ఓడినప్పుడు అది మనిషి అవుతుంది. 2015 మార్చి 26న సిడ్నీలో ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 328 కొట్టింది. కోహ్లి 13 బంతులాడి ఒక్క పరుగుకి, జాన్సన్ బంతిని పుల్ చేయబోయి కీపర్‌కి దొరికిపోయాడు. మనం 95 పరుగుల తేడాతో ఓడాం. స్మిత్ సెంచరీ కళ్లముందే ఉంది, మన బౌలింగూ కళ్లముందే ఉంది. అయినా సోషల్ మీడియాలో తిట్లు తిన్నది ప్రేక్షకుల్లో కూర్చున్న కోహ్లి స్నేహితురాలు, నటి అనుష్క శర్మ. కోడలు అడుగుపెట్టిన వేళనూ, సినిమా పోతే హీరోయిన్ 'ఐరన్ లెగ్'నూ తప్పుపట్టే బుద్ధే క్రికెట్ చొక్కా తొడుక్కుంది.

"సరదా నమ్మకమే కదా, పోనిద్దూ" అనేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. గెలుపు కుర్చీ వల్ల వచ్చిందని ఒప్పుకున్నవాడు, ఓటమి పాదం వల్ల వచ్చిందంటే ఏ నోటితో కాదంటాడు?