రాజుగారి మంత్రులు, రాయని కులం

2022 అక్టోబర్‌లో రిషి సునాక్ బ్రిటన్ ప్రధాని అయినప్పుడు ‘మనవాడే’ అని సంబరపడ్డాం. ఆ ‘మన’లో ఎవరెవరున్నారు? ప్రాతినిధ్యంపై పీహెచ్‌డీ చేస్తున్న నన్ను ఆ ప్రశ్న వదల్లేదు.

పార్లమెంటరీ రాచరికంలో సంతకం రాజుది, నిర్ణయం మంత్రులది. కాబట్టి అడగాల్సింది మంత్రులనే. 2010 సమానత్వ చట్టంలో, జాతి వివక్ష కిందికి కులాన్ని తెచ్చే అధికారం వాళ్లకిచ్చారు. 2013లో పార్లమెంటు దాన్ని విధిగా మార్చింది: చేర్చి తీరాలంది. చేర్చలేదు. 2017లో అభిప్రాయ సేకరణ జరిపారు. 2018 జూలైలో థెరిసా మే ప్రభుత్వం కోర్టు తీర్పులే చాలని, ఆ నిబంధననే రద్దు చేస్తామని ప్రకటించింది.

ఏ తీర్పు? కొన్ని సందర్భాల్లో కులం ‘జాతి మూలాల’ కిందికి రావచ్చన్న 2014 నాటి అప్పీలు ట్రిబ్యునల్ తీర్పు. ‘కొన్ని సందర్భాలు’ అంటే ప్రతి బాధితురాలూ లాయరును పెట్టుకుని మొదటి నుంచీ వాదించుకోవాలన్నమాట.

తర్వాత ప్రీతి పటేల్, సుయెల్లా బ్రేవర్‌మన్ హోం మంత్రులయ్యారు. సునాక్ ఆర్థిక మంత్రిగా, ఆపై ప్రధానిగా 2024 దాకా ఉన్నారు. ఆ ఉత్తర్వు మాత్రం రాలేదు. (మంత్రుల ఇంటిపేర్లు మారితే ఫైలు కదులుతుందని ఎవరన్నారు?)

అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధితో తెలంగాణ దళిత విద్యార్థులు వెళ్లే దేశాల్లో బ్రిటన్ ఒకటి. అక్కడ పార్ట్‌టైమ్ పనిలో తోటి భారతీయుడు కులం అడిగి పక్కన పెడితే, వాళ్లు చూపించడానికి చట్టంలో ‘కులం’ అన్న నిషేధం సూటిగా లేదు.