ఇరవై గంటల లెక్క

ప్రతి ఏడూ వీసాల సీజన్ మొదలవగానే నాకు ఫోన్లు కూడా మొదలవుతాయి. మా ఊరి పిల్లలు, చుట్టాల పిల్లలు, ఆ పిల్లల స్నేహితులు. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, అమెరికాలో పార్ట్ టైం జాబ్ చేసుకుంటే ఫీజు వెళ్ళిపోతుంది కదా?" అమ్మానాన్నలైతే అది కూడా అడగరు. వెళ్ళిపోతుందని ముందే ఖాయం చేసేసుకుని ఉంటారు. "మొదటి సెమిస్టర్ వరకూ మేం ఎలాగో సర్దుతాం బాబూ, ఆ తర్వాత వాడే చూసుకుంటాడు" అంటారు.

చూసుకోలేడండీ. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి నేను చెప్తున్నాను. చదువుకుంటూ పని చెయ్యడానికి నేను వ్యతిరేకిని కాదు. నేనూ చేశాను, ఎమ్మెస్ చదివిన రెండేళ్ళూ. మొదట యూనివర్సిటీ డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగాను, తర్వాత లైబ్రరీ కౌంటర్లో కూర్చున్నాను. నా అభ్యంతరమల్లా ఆ పని మీద మనవాళ్ళు కట్టే లెక్క గురించే.

ముందు టైం లెక్క చూద్దాం. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపలే, వారానికి 20 గంటలు మించకుండా పని చెయ్యాలి. సెలవుల్లో మాత్రం క్యాంపస్ లోనే ఫుల్ టైం చెయ్యొచ్చు. వారంలో 168 గంటలుంటే పనికి ముష్టి 20 గంటలేనా అనిపిస్తుంది. సరే, చదువు సంగతి చూడండి. మాస్టర్స్ లో ఫుల్ టైం అంటే చాలా చోట్ల సెమిస్టర్ కి 9 క్రెడిట్లు, అంటే మూడు సబ్జెక్టులు. మూడే కదా అనుకోకండి. ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దాని వెనకాల కనీసం రెండు గంటలు సొంతంగా చేసుకునే పని. అది అక్కడి లెక్క. 9 క్రెడిట్లంటే 27 గంటలు. దానికి 20 కలిపితే 47. మామూలు ఫుల్ టైం ఉద్యోగం కంటే ఇదే ఎక్కువ. ఇందులో వంట, అంట్లు, బట్టలు, బస్సు కోసం చలిలో నిలబడడం, ఇంటర్న్ షిప్పులకి అప్లై చెయ్యడం ఏవీ కలపలేదు. ప్రాజెక్టు సబ్మిషన్ ఉన్న వారం ఆ 27 కాస్తా 40 అయి కూర్చుంటుంది.

అంటే ఆ 20 గంటల రూలు మన మీద కక్షకొద్దీ పెట్టినట్టు కనపడుతుంది గానీ, కూడి చూస్తే మనిషి కాస్త నిద్రపోయి, క్లాసులో బుర్ర పని చేసే స్థితిలో ఉండాలంటే హద్దు దాదాపు అక్కడే ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం 2009 జులై నుంచి గంటకి 7.25 డాలర్లు. చాలా రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువుంది. మనం 10 డాలర్లు అనుకుందాం. సెమిస్టర్ కి 15 వారాలు, వారానికి 20 గంటల చొప్పున 300 గంటలు. అంటే 3,000 డాలర్లు. నాలుగు వారాలకి 800. నలుగురు కలిసి ఉండే అపార్ట్ మెంట్ లో అద్దె వాటా, తిండి, ఫోను, కరెంటు కలిపితే చిన్న ఊళ్ళో కూడా ఆరేడు వందలు సులువుగా అయిపోతాయి. చేతిలో మిగిలేది వందో, నూటయాభయ్యో.

ఇప్పుడు ఇంటి దగ్గరి అప్పు. 20 లక్షలు, రూపాయిన్నర వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకి 30 వేలు వడ్డీ. డాలరు 85 రూపాయలు వేసుకున్నా 350 డాలర్లు. వడ్డీకే చాలట్లేదు. అసలు, ఫీజు ఎక్కడినుంచి వస్తాయి?

కాబట్టి నేను చెప్పొచ్చేదేమిటంటే, క్యాంపస్ జాబ్ తిండి పెడుతుంది, ఫీజు కట్టదు. ఇది మనకి తెలియని సంగతేం కాదు. మన ముందు తరాల్లో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళు ఎంతమంది లేరు? సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఆ ఏర్పాటు కడుపు నింపింది, చదువు ఆగిపోకుండా చూసింది. వారాల భోజనంతో అప్పులు తీర్చేద్దామని ఎవరూ అనుకోలేదు. క్యాంపస్ జాబ్ కూడా అచ్చం అలాంటిదే. దాని స్థాయి తెలుసుకుని చేస్తే చాలా మంచిది. దాని నెత్తిన ఇంటి అప్పు పెడితేనే కూలిపోతుంది.

కూలిపోయినప్పుడు ఏమవుతుందో నేను పక్క మంచం మీద చూశాను. మా రూమ్మేట్ ఒకడికి మొదటి సెమిస్టర్ అవగానే ఇంటినుంచి డబ్బులు ఆగిపోయాయి. వాడు ఊరి చివర ఒక గ్యాస్ స్టేషన్ లో రాత్రి షిఫ్టుకి కుదిరాడు. వారానికి 40 గంటలు, గంటకి 8 డాలర్లు, చేతికి క్యాష్. పని 40, చదువు 27, మొత్తం 67 గంటలు. "మానెయ్యరా" అంటే, "నాన్న వడ్డీ కడుతున్నాడ్రా" అనేవాడు. దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఆ సెమిస్టర్ లో వాడు సంపాదించింది 4,800 డాలర్లు. జీపీఏ 3.0 కిందకి దిగి ప్రొబేషన్ లో పడ్డాడు, రెండు సబ్జెక్టులు మళ్ళీ చెయ్యాల్సొచ్చింది. ఆ రెండింటి ఫీజు, ఇంకో సెమిస్టర్ అద్దె, ఇంటి దగ్గర ఇంకో ఆరునెలల వడ్డీ కలిపితే ఆ 4,800 ఏ మూలకి? వాడికి తెలివి లేక కాదు, మా నలుగుర్లోకీ మంచి ప్రోగ్రామర్ వాడే.

పైగా అది చట్టం ఒప్పుకోని పని. అనుమతి లేకుండా పని చేస్తే స్టేటస్ పోతుంది. వేరే కారణాలతో స్టేటస్ పోయినవాళ్ళు తిరిగి పెట్టమని అప్లై చేసుకోవచ్చు గానీ, అనధికారంగా పని చేసినవాళ్ళకి ఆ దారి మూసేసినట్టే. ఈ సంగతి పని ఇచ్చేవాడికి మనకంటే బాగా తెలుసు. పది గంటలు చేయించుకుని ఆరు గంటలకే డబ్బులిచ్చినా నోరెత్తడానికి ఉండదు.

ఇది ఇంకా ముదిరితే చదువు ఉత్త ముసుగుగా మిగుల్తుంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు మన పిల్లల కాళ్ళకి రేడియో ట్యాగులు తగిలించడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ యూనివర్సిటీ నడిపినావిడకి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. తర్వాతైనా నేర్చుకున్నామా? 2019 జనవరిలో మిషిగన్ లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది క్లాసులు లేని, పంతుళ్ళు లేని యూనివర్సిటీ. ప్రభుత్వ ఏజెంట్లే వల వేసి నడిపినది. వందమందికి పైగా విద్యార్థులు అరెస్టయ్యారు, దాదాపు అందరూ ఇండియా వాళ్ళే, అందులో తెలుగువాళ్ళు చాలామంది. ప్రభుత్వమే వల పన్నడం న్యాయమా అని అడగొచ్చు, నాకూ అది న్యాయంగా అనిపించలేదు. కానీ మనవాళ్ళు అక్కడిదాకా ఎందుకు వెళ్ళారు? చాలామందికి మొదటి రోజునుంచే సీపీటీ మీద ఫుల్ టైం ఉద్యోగం చేసుకునే వీలు కావాల్సొచ్చింది కాబట్టి. దాని వెనకాల ఎక్కడో ఒక ఇంట్లో తప్పుగా కట్టిన లెక్క ఉంటుంది.

"నీకేం, సెటిలయ్యావు కాబట్టి నీతులు చెప్తావు. అందరూ చేస్తున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు" అంటారు కొందరు. ఏమీ కానివాళ్ళే కదండీ పెళ్ళిళ్ళలో కనపడి కబుర్లు చెప్పేది. మధ్యలో వెనక్కి వచ్చేసినవాళ్ళు ఆ పెళ్ళిళ్ళకి రారు. వచ్చినా ఆ ఊసెత్తరు.

మరి డబ్బున్నవాళ్ళే వెళ్ళాలా? కాదు. లెక్క మారాలి. ఐ-20 కోసం కనీసం మొదటి ఏడాది ఖర్చుకి డబ్బు చూపించమంటారు. మనం దాన్ని ఒక తంతు చేసేశాం. నెల రోజులకి డబ్బు అద్దెకి తెచ్చి బ్యాంకులో వేసి, కాగితం పుచ్చుకుని తిరిగి ఇచ్చేస్తాం. ఆ ప్రశ్న వీసా ఆఫీసరు అడగడం కాదు, మనల్ని మనం అడుక్కోవాలి. రెండేళ్ళకీ ఎక్కడినుంచి వస్తుంది? రాదని తేలితే ఫీజు తక్కువున్న యూనివర్సిటీ చూసుకోండి, లేదా ఇక్కడే రెండేళ్ళు ఉద్యోగం చేసి వెళ్ళండి. రెండేళ్ళు ఆలస్యమైతే కొంపేం మునగదు.

వెళ్ళాక పాటించదగ్గవి కొన్ని చెప్తాను. మొదటి సెమిస్టర్ లో పది పన్నెండు గంటలతో మొదలుపెట్టండి, గ్రేడ్లు చూసుకుని పెంచండి. డైనింగ్ హాల్లో భోజనం కలిసొస్తుంది, లైబ్రరీ కౌంటర్లో చదువుకునే టైం కలిసొస్తుంది. ఈ రెంటిలో మీకేది కావాలో తేల్చుకోండి. మీకు మంచి మార్కులొచ్చిన ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళి గ్రేడర్ పని, అసిస్టెంట్ షిప్ అడగండి. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్ షిప్ లలో చాలావాటికి ఫీజు మినహాయింపు ఉంటుంది. నిజంగా ఫీజు కట్టగలిగిన పార్ట్ టైం జాబ్ ఏదన్నా ఉందంటే అదొక్కటే, అది మార్కులని బట్టే వస్తుంది. మిడ్ టర్మ్ తేదీలు సూపర్వైజర్ కి నెల ముందే చెప్పండి. సాధారణంగా సర్దుతారు, వాళ్ళ దగ్గర పనిచేసేది అందరూ స్టూడెంట్లే కదా. వెళ్ళాక అనుకోకుండా ఇంట్లో ఆదాయం దెబ్బతిన్నా, పెద్ద ఆసుపత్రి ఖర్చు వచ్చిపడినా, ఒక విద్యా సంవత్సరం పూర్తయినవాళ్ళు ఆర్థిక ఇబ్బంది కింద బయట పని చెయ్యడానికి అనుమతి అడగొచ్చు. ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి వెళ్ళండి. ఈ దారి ఉందని కూడా తెలియక గ్యాస్ స్టేషన్ తలుపు తట్టినవాళ్ళున్నారు.

అప్పు తీరేది డిగ్రీ తర్వాతే. ఓపీటీ ఒక ఏడాది, మనలాంటి స్టెమ్ చదువులకి 2016 నుంచి ఇంకో రెండేళ్ళు పొడిగింపు. నా మొదటి నెల జీతం, ఒక సెమిస్టర్ అంతా గిన్నెలు కడిగి సంపాదించిన దానికంటే ఎక్కువ. ఆ ఉద్యోగం కూడా తప్పకుండా వస్తుందని రాసిచ్చేవాళ్ళెవరూ లేరు. అందుకే వచ్చే అవకాశాన్ని రాత్రి షిఫ్టుల్లో పోగొట్టుకోకూడదు.

అమ్మానాన్నలకి చివరగా ఒక్క మాట. ఖర్చుల కాగితం రాసేటప్పుడు ఆదాయం వైపు "పార్ట్ టైం జాబ్" అని రాసి, దాని ఎదురుగా సున్నా వెయ్యండి. అప్పుడు కూడా లెక్క సరిపోతే పంపించండి. సరిపోకపోతే ఆ తేడా పూడ్చాల్సింది మీ అబ్బాయో, అమ్మాయో నిద్రపోవాల్సిన టైంలోంచి అని గుర్తు పెట్టుకోండి. ఫోన్లో మాత్రం మీకు "బాగానే ఉన్నాను నాన్నా" అనే చెప్తారు.