పనేమీ లేదు, ఊరికే వెళ్తున్నాను

మొన్నో ఆదివారం పొద్దున్నే మా అబ్బాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, మన పక్క సందులో హిడెన్ జెమ్ ఉందట, చూడు" అంటూ రీల్ పెట్టాడు. ఎవరో కుర్రాడు ఇడ్లీ తుంచి, కళ్ళు పెద్దవి చేసి, ఎవరికీ తెలియని చోటు కనిపెట్టేశానని చెబుతున్నాడు. వెనకాల కనబడుతున్న వేపచెట్టు మా పాలబూత్ పక్కది. దాని కింద ఇడ్లీ బండి.

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. "ఎవరికీ తెలియకపోవడమేంట్రా? రోజూ పొద్దున్న అక్కడ పాతికమంది నిలబడి తింటుంటారు కదా!" అన్నాను.

"మరి నువ్వెప్పుడైనా తిన్నావా?" అన్నాడు వాడు.

నోట మాట రాలేదు. చిక్కడపల్లికి నేను కాపరానికి వచ్చి ఇరవై రెండేళ్ళు. ఆ బండి ముందునుంచి ఎన్ని వేలసార్లు నడిచుంటానో లెక్కలేదు. చేతిలో పాల ప్యాకెట్లు, లేకపోతే కూరల సంచీ. ఇస్త్రీకిచ్చే బట్టల మూట. ఒక్కసారి ఆగలేదు. ఎందుకు ఆగలేదని ఆ రోజంతా ఆలోచించాను. బండి దగ్గర నిలబడి తినేవాళ్ళను ఒక్కొక్కరినే గుర్తు చేసుకున్నాను. ఆటోవాళ్ళు, గ్రూప్స్‌కి చదివే అబ్బాయిలు, వాకింగ్‌కొచ్చిన పెద్దమనుషులు, మా వారు. అవును, మా వారే! ఆయన పదేళ్ళుగా అక్కడ తింటున్నారట. అడిగితే "నీకు తెలియదా?" అన్నారు.

సోమవారం వెళ్ళాను. పేపర్ ప్లేటులో నాలుగు ఇడ్లీలు, పైన కారప్పొడి, నెయ్యి. నిలబడే తిన్నాను. బండి అక్కకి రీల్ సంగతి చెబితే గట్టిగా నవ్వింది. "నేనేడ దాసుకున్న అమ్మా? పద్నాలుగేండ్ల సంది ఈడనే ఉన్న గద" అంది.

ఆ మాట పట్టుకునే ఇది రాస్తున్నాను. దాక్కున్నది ఆవిడ కాదు, నేను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నన్ను దాచిపెట్టారు. అందులో నా చెయ్యి కూడా ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మా ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఏమేం ఉన్నాయో చూడండి. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. మా మామయ్యగారు పోయేదాకా రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్ళి, పేపర్లన్నీ చదివి, పదిన్నరకి భోజనానికి వచ్చేవారు. ఆయన వచ్చేసరికి అన్నం వార్చి ఉంచడమే ఆ లైబ్రరీతో నాకున్న సంబంధం. త్యాగరాయ గానసభ ఉంది. సాయంత్రమైతే ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఒకరోజు కచేరీ, ఒకరోజు పిల్లల కూచిపూడి, ఒకరోజు పుస్తకావిష్కరణ. చాలావాటికి టికెట్ కూడా ఉండదు. పోస్టర్లు చూస్తూ కూరలకి పోయాను తప్ప, లోపలికి పోలేదు. బాగ్ లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, పాత తెలుగు పత్రికలు భద్రంగా దాచిన చోటు. పత్రికల్లో సీరియళ్ళు వారం వారం ఎదురుచూసి చదివిన నాకు ఆ మాట చెప్పినవాళ్ళే లేరు.

కోఠి సంగతి ఇంకా వింత. మనలో ఎవరు వెళ్ళలేదు సుల్తాన్ బజార్‌కి? చీరకి ఫాల్, జాకెట్టుకి లైనింగ్, మ్యాచింగ్ గుడ్డ, గాజులు, స్టీలు డబ్బాలు. బేరం ఆడీ ఆడీ గొంతు పోయి, కాళ్ళు లాగి, బస్సెక్కి వచ్చేస్తాం. అదే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. 1901లో పెట్టిన తెలుగు గ్రంథాలయం. నిజాం పాలనలో తెలుగుకి దిక్కులేని రోజుల్లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు వంటివాళ్ళు పూనుకుని మొదలుపెట్టారు. తెలుగు చదువుకున్న ప్రతివాళ్ళూ ఒక్కసారైనా చూడాల్సిన చోటు. ఇరవై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కలే లైనింగు గుడ్డకి మీటరుకి ఐదు రూపాయలు తగ్గించమని పోట్లాడుతున్నాను. తల ఎత్తి బోర్డు చూసిన పాపాన పోలేదు.

చూడకపోవడం నా బుద్ధి తక్కువ అనుకుందామా? కొంత అంతే. కానీ మన బయటి నడక ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. మనం గడప దాటాలంటే ఒక పని కావాలి. పని ఉన్నంతసేపే బయట ఉండాలి. ఆ పని కూడా ఇంటిదే అయ్యుండాలి. పిల్లాడి ఫీజు, అత్తయ్యగారి మందులు, గుడి, కూరలు. "ఎక్కడికి?" అన్న ప్రశ్నకి సమాధానం సంచీలో కనబడాలి. అలా గుర్రానికి కళ్ళగంతలు కట్టినట్టు నడిచేవాళ్ళకి పక్కన ఏముందో ఎలా తెలుస్తుంది?

మన భాషే చూడండి. మగవాళ్ళు తిరిగితే షికారు. కుర్రాళ్ళు తిరిగితే బలాదూరు, అందులో కూడా కాస్త ముద్దు ఉంటుంది. ఆడది తిరిగితే వచ్చే మాటేంటో నేను రాయక్కర్లేదు, మీ అందరికీ తెలుసు. పైగా సామెత ఒకటి: తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు. చిన్నప్పుడు మా నాయనమ్మ నోట రోజుకి ఒకసారైనా వినేదాన్ని. ఆవిడ తన ఊరి చెరువుగట్టు అవతల ఏముందో చూడకుండానే పోయింది. ఆ సామెత పుట్టించినవాళ్ళు మాత్రం ఊళ్ళన్నీ తిరిగినవాళ్ళే అయ్యుంటారు!

అదంతా పాతకాలం అంటారా? మరి ఫ్రీ బస్సు మీద ఈ మధ్య వినబడే మాటలేంటి? తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్ డబ్బుల్లేవు. ఆ రోజు నుంచి ఒకటే వెటకారం. "పనీపాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు" అని. మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఒక పెద్దమనిషి ఆ మాటే అంటే, అక్కడున్న ఆడవాళ్ళం కూడా నవ్వాం. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ పథకం మంచిదా కాదా, ఆర్టీసీకి నష్టమా లాభమా అన్న చర్చ వేరు, అది చెయ్యండి, వద్దనను. నా అభ్యంతరం ఆ "ఊరికే" అన్న మాట మీద. ఊరికే తిరిగితే ఏమవుతుంది? సాయంత్రం నాలుగింటినుంచి ఎనిమిదింటిదాకా టీకొట్టు దగ్గర నిలబడ్డ మగవాళ్ళని పనేమిటని ఎవరైనా అడిగారా? ఇందిరా పార్కు బెంచీ మీద పేకాడేవాళ్ళని? రీల్ తీసిన ఆ కుర్రాడినే తీసుకోండి. ఏ పనీ లేకుండా సందులూ గొందులూ తిరిగాడు కాబట్టే వాడికి ఇడ్లీ బండి కనబడింది. అది వాడి ప్రతిభ అయింది, లక్ష మంది లైకులు కొట్టారు. అదే పని నలభై ఎనిమిదేళ్ళ ఇల్లాలు చేస్తే "ఇంట్లో ఏమైనా గొడవా?" అంటారు.

మా అమ్మాయి కోఠి ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ చదివింది. అదే ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. రెండువందల ఏళ్ళ కిందట కిర్క్‌పాట్రిక్ అనే ఇంగ్లీషు దొర కట్టించిన భవనం. ఆయన హైదరాబాదీ పెద్దింటి అమ్మాయి ఖైరున్నిసాని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడది పరదా. ఆవరణ వెనకవైపు జనానాలో ఉండేది. ముందుకొచ్చి తన భర్త కట్టించిన మేడని చూసే వీల్లేదు కాబట్టి, ఆవిడ చూసుకోవడానికి ఆ మేడ నమూనాని చిన్నగా చేయించి జనానా తోటలో పెట్టించాడని చెప్పుకుంటారు.

మా అమ్మాయి ఈ కథ చెప్పినప్పుడు "ఎంత ప్రేమో!" అన్నాను. "ప్రేమేంటమ్మా? నాలుగడుగులు ముందుకేస్తే అసలు మేడే కనబడేది కదా" అంది. ఇప్పుడు అర్థమవుతోంది. మనకి చేతిలో పెట్టిన ఈ ఫోను కూడా ఆ బొమ్మ మేడలాంటిదే. మన సందునే మనకి చిన్నది చేసి చూపిస్తుంది. సోఫాలో కూర్చుని "అబ్బ, ఎంత బాగుందో" అనుకుంటాం. నడిస్తే ఐదు నిమిషాలు.

"బయట మంచిగా లేదు, ఆడవాళ్ళకి భద్రత ఎక్కడ?" అంటారు. నిజమే, కాదనను. కానీ ఒక సంగతి గమనించారా? రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో పెరుగు అయిపోతే మనల్ని పంపడానికి ఎవరికీ భద్రత గుర్తు రాదు. అదే ఎనిమిదింటికి గానసభలో కచేరీ విని వస్తానంటే వస్తుంది. ముంబైలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే అని ముగ్గురు కలిసి 2011లో "వై లాయిటర్?" అనే పుస్తకం రాశారు. మా అమ్మాయే తెచ్చిచ్చింది. ఆడవాళ్ళు బయట కనబడాలంటే ఏదో పనిమీద ఉన్నట్టు చూపించుకోవాల్సి వస్తోందని, ఏ పనీ లేకుండా బయట ఉండే హక్కే మనం అడగాలని వాళ్ళ వాదన. వీధిలో ఆడవాళ్ళు ఎక్కువమంది ఉంటే ఆ వీధే మారుతుందని నాకూ అనిపిస్తుంది. బండి అక్క ఉన్న ఆ వేపచెట్టు కింద నాకు ఎప్పుడూ భయం వెయ్యలేదు, ఆ పక్కనే మనిషి లేని గోడ వెంట వేస్తుంది.

"పనులు ఎవరు చేస్తారు?" అనేది రెండో మాట. ఎవరూ చెయ్యకపోతే కాసేపు ఆగుతాయి, అంతే. ఇక మూడో మాట బాత్రూమ్. ఇది మాత్రం నిజమైన కష్టం. బయటికి వెళ్ళే ముందు నీళ్ళు తాగడం మానేసేది మనమే కదా. దాని గురించి కార్పొరేషన్‌ని అడుగుదాం, గట్టిగా అడుగుదాం. ఇంట్లో కూర్చుని అడిగితే వినబడదు.

ఇప్పుడు నా తప్పు. మా అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు గంట ఆలస్యంగా వచ్చింది. ఎక్కడికెళ్ళావంటే "ఊరికే, నారాయణగూడ దాకా నడిచాం" అంది. ఊరికే ఏంటని చెంప మీద కొట్టాను. అబద్ధం చెబుతోందనుకున్నాను. అది నిజంగానే ఊరికే నడిచింది. ఏడ్చి అన్నం తినకుండా పడుకుంది. తర్వాత ఎప్పుడూ "ఊరికే" అనలేదు, ప్రతిసారీ ఒక పని చెప్పేది. దానికి అబద్ధం నేర్పింది నేనే. ఇప్పుడది పుణెలో ఉద్యోగం చేస్తోంది. ఫోన్ చేసి ఆ రోజు సంగతి ఎత్తితే "వదిలెయ్ అమ్మా" అంది. వదిలెయ్యడం నా వల్ల కావడం లేదు.

అందుకని గురువారాలు పెట్టుకున్నాను. సాయంత్రం ఐదింటికి ఇంట్లోంచి బయలుదేరతాను, ఏడింటికి వస్తాను. మొదటి వారం లైబ్రరీ. పేపర్లు చదివే హాలులో మామయ్యగారు ఏ కుర్చీలో కూర్చునేవారో అనుకుంటూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండోవారం గానసభలో ఎవరిదో వీణ. నాలుగోవారం భాషానిలయం. అత్తయ్యగారికి ఇది నచ్చలేదు. "ఎక్కడికమ్మా?" అంటారు. ఆవిడ తప్పు కాదు, ఆవిడనీ యాభై ఏళ్ళు అలాగే అడిగారు. మా వారు కాఫీ తనే పెట్టుకుంటున్నారు, కాస్త ముఖం ముడుచుకునే.

ఒక నిజం చెప్పనా? మొదటి మూడు వారాలూ తిరిగొచ్చేటప్పుడు సందు చివర కొత్తిమీర కట్ట కొనుక్కొచ్చాను. ఇంట్లో కొత్తిమీర ఉంది. అయినా కొన్నాను. చేతిలో ఏదో ఒకటి కనబడాలని. ఫ్రిజ్‌లో మూడు కట్టలు వాడిపోయాయి.

మీరూ ఒక సాయంత్రం సంచీ ఇంట్లో పెట్టి వెళ్ళండి. రీల్ తియ్యొద్దు, ఫోటో కూడా అక్కర్లేదు. ఎవరైనా అడిగితే అత్తయ్యగారికి ఈ గురువారం నేను చెప్పినట్టే చెప్పండి.

"పనేమీ లేదండీ. ఊరికే వెళ్తున్నాను."

వచ్చేటప్పుడు ఏమీ తేలేదు.